రొమాన్స్ నవల ఎంచుకోవడం ఎలా: ముందు ఆ ఇద్దరికీ అడ్డేంటో చూడండి

రొమాన్స్ నవలలో చివరికి ఏమవుతుందో అట్ట చూడగానే తెలిసిపోతుంది. ఆ ఇద్దరూ కలుస్తారు. మరి ముగింపు ముందే తెలిసిన కథని మూడు వందల పైచిలుకు పేజీలు ఎందుకు చదువుతాం? ఎలా కలుస్తారో చూద్దామని. ఇంకాస్త సూటిగా చెప్పాలంటే, మొదటి చాప్టర్లోనే కలిసిపోకుండా వాళ్ళని ఆపుతున్నదేంటి, అది ఎలా తొలగుతుంది అన్నదాని కోసం. పుస్తకం మిమ్మల్ని రాత్రి రెండింటిదాకా కూర్చోబెడుతుందా, నలభయ్యో పేజీ దగ్గరే ఫోన్ చేతిలోకి తీసుకునేలా చేస్తుందా అన్నది చాలావరకు ఆ అడ్డు మీదే ఆధారపడి ఉంటుంది. హీరో ఎత్తెంత, అతని కంపెనీ టర్నోవర్ ఎంత అన్నవి తర్వాతి సంగతి.

రీల్స్ చూసి ఇంగ్లీష్ రొమాన్స్ మొదలుపెడదామనుకుంటున్నవాళ్ళు, ఒకప్పుడు అమ్మ బీరువాలోంచి యద్దనపూడి నవలలు తీసి చదివి మళ్ళీ అలాంటిదేదైనా దొరికితే బావుండనుకునేవాళ్ళు, కిండిల్‌లో గంటసేపు వెతికి ఏదీ కొనకుండా మూసేసేవాళ్ళు, ఇది మీకోసమే. నేను చెప్పేది ఎక్కువగా ఇంగ్లీషులో వస్తున్న కాంటెంపరరీ రొమాన్స్ గురించి. అంటే ఇప్పటి కాలంలో, ఆఫీసులూ అద్దె ఇళ్ళూ వాట్సాప్ గొడవలూ ఉన్న లోకంలో జరిగే కథలు. గుర్రపు బళ్ళూ డ్యూకులూ ఉండేవి హిస్టారికల్, వాటి జోలికి ఇప్పుడు వెళ్ళను.

1. అసలది రొమాన్సేనా?

ప్రేమకథ ఉన్న ప్రతి పుస్తకాన్నీ ఇంగ్లీష్ పాఠకులు రొమాన్స్ అనరు. వాళ్ళకి రెండు షరతులున్నాయి: కథంతా ప్రేమ చుట్టూనే తిరగాలి, చివర సంతోషంగానో కనీసం ఆశగానో ముగియాలి. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఇంతే. రివ్యూల్లో హెచ్‌ఈఏ అని కనిపిస్తే 'హ్యాపీలీ ఎవర్ ఆఫ్టర్' అని అర్థం. హెచ్‌ఎఫ్‌ఎన్ అంటే 'హ్యాపీ ఫర్ నౌ', పెళ్ళిదాకా రాకపోయినా ప్రస్తుతానికి ఇద్దరూ కలిసే ఉన్నారు, బాగున్నారు అని.

దీనికింత పట్టింపు ఎందుకంటే, మన రైల్వే స్టేషన్ బుక్‌స్టాళ్ళలో, ఎయిర్‌పోర్ట్ షాపుల్లో ప్రేమకథల వరసలో పెట్టే పుస్తకాల్లో చాలావాటికి ఈ రెండో షరతు వర్తించదు. రవీందర్ సింగ్ రాసిన 'ఐ టూ హాడ్ ఎ లవ్ స్టోరీ' 2008లో వచ్చింది, హాస్టల్ రూముల్లో చేతులు మారి మారి అట్టలు చిరిగిపోయేదాకా తిరిగిన పుస్తకం. తన జీవితంలో జరిగినదాన్నే రాసుకున్నాడు, అందులో అమ్మాయి చనిపోతుంది. ఏడవాలని ఉన్న రోజున చదవండి, పరీక్షల టెన్షన్ తగ్గించుకోవడానికి మాత్రం వద్దు. కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అజ్' (2016) ఇంకో తరహా. అట్ట మీద పువ్వు, బోస్టన్‌లో పూల షాపు పెట్టుకునే హీరోయిన్, అందగాడైన న్యూరోసర్జన్. ఇవన్నీ చూసి తేలికపాటి కథ అనుకుని దిగితే, అది గృహహింస గురించిన నవల. పుస్తకం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, తెలిసి చదవడం వేరు, తెలియక చదవడం వేరు.

పుస్తకం పేరు పక్కన హెచ్‌ఈఏ అని కొట్టి సెర్చ్ చేయండి. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అప్పటికే అడిగి ఉంటారు, ఇంకెవరో జవాబు చెప్పి ఉంటారు. ముగింపు తెలిసిపోతుందేమోనని వెనకాడకండి, ఈ తరహా పుస్తకాలకి ముగింపు తెలిస్తే పోయేదేమీ లేదు.

2. వెనక అట్ట మీద 'బట్' తర్వాత ఏముందో చదవండి

అసలు పని ఇక్కడే. వెనక అట్ట మీద, లేదా కిండిల్ పేజీలో, రెండు మూడు పేరాల పరిచయం ఉంటుంది. ముందు ఆమె గురించి, తర్వాత అతని గురించి, ఆ తర్వాత ఎక్కడో ఒక 'బట్' వస్తుంది. మిగతాదంతా కళ్ళతో తోసేసినా సరే, ఆ 'బట్' తర్వాత రాసింది మాత్రం శ్రద్ధగా చదవండి. అక్కడ చేత్తో పట్టుకోగలిగేంత స్పష్టంగా ఒక చిక్కు కనిపించాలి. ఇద్దరికీ ఒకే ఉద్యోగం కావాలి, వీసా అయిపోయి ఆమె ఆర్నెల్లలో వెళ్ళిపోవాలి, అతను ఆమె అక్క మాజీ భర్తకి తమ్ముడు, ఇలాంటిదేదో. అలా కాకుండా 'గతంలోని రహస్యాలు', 'మనసు మాట వినాలా వద్దా' లాంటి గాలి కబుర్లే ఉంటే, లోపల కూడా అంతకు మించి ఉండదేమోనని అనుమానించడంలో తప్పులేదు.

చిక్కు దొరికాక దానికో పరీక్ష పెట్టండి. ఆ ఇద్దరూ ఇరానీ కేఫ్‌లో ఎదురెదురుగా కూర్చుని ఓ అరగంట దాపరికం లేకుండా మాట్లాడుకుంటే తీరిపోయేదేనా ఇది? తీరిపోయేదైతే ఆ రచయిత వాళ్ళని మాట్లాడుకోనివ్వకుండా ఆపడానికే మూడు వందల పేజీలూ ఖర్చుపెడతారు. సరిగ్గా చెప్పబోయే సమయానికి ఫోన్ మోగుతుంది, మెసేజ్ సగమే చేరుతుంది, ఎవరో కజిన్ని చూసి ప్రియురాలనుకుంటారు. టీవీ సీరియళ్ళలో మనం పడ్డది చాలు.

శాలీ థోర్న్ 'ద హేటింగ్ గేమ్' (2016) ఈ పరీక్షలో ఎలా నెగ్గుతుందో చూడండి. రెండు ప్రచురణ సంస్థలు కలిసిపోయాయి, ఇద్దరు సీఈఓలు మిగిలారు, ఒక్కొక్కరికి ఒక్కో అసిస్టెంట్. ఆమె లూసీ, అతను జాషువా. ఒకే హాల్లో ఎదురెదురు టేబుళ్ళు. రోజంతా పిల్లల్లా పోటీలు: కళ్ళార్పకుండా ఎవరు ఎక్కువసేపు చూడగలరు, అతనెలా కూర్చుంటే ఆమె అలాగే కూర్చోవడం, చీటికీ మాటికీ ఎవరు ఎవరి మీద హెచ్‌ఆర్‌కి చెప్పడం. ఆమెకి అతని చొక్కాల రంగుల వరస కూడా కంఠతా వచ్చు, అసహ్యించుకునే మనిషి చొక్కాలు ఇంత వివరంగా ఎవరు గుర్తుపెట్టుకుంటారని మనకి అక్కడే నవ్వొస్తుంది. ఇంతలో పైన ఒక కొత్త పదవి వస్తుంది. అది ఎవరికి దక్కితే వాళ్ళు రెండోవాళ్ళకి బాస్. ఇప్పుడు కేఫ్‌లో కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నా లాభం లేదు, పదవి ఒక్కటే, అభ్యర్థులు ఇద్దరు. పైగా నిజం చెప్తున్నాడా, తన మనసు మెత్తబరిచి పదవి కొట్టేయడానికి చూస్తున్నాడా అన్న అనుమానం మాటలతో తీరేది కాదు. అడ్డు అంటే అలా ఉండాలి.

బయటి అడ్డు ఒక్కటే కాదు, లోపలిదీ ఉంటుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. టాలియా హిబ్బర్ట్ 'గెట్ ఎ లైఫ్, క్లోయి బ్రౌన్' (2019) ఇంగ్లండ్‌లో జరుగుతుంది. క్లోయికి ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు, ఒళ్ళంతా తగ్గని నొప్పులు. జబ్బు పడ్డాక చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు, కాబోయే భర్తతో సహా. అందుకని ఇంకెవరినీ దగ్గరికి రానిస్తే ఎప్పుడో ఒకప్పుడు వదిలిపోతారన్నది ఆమె లెక్క. ఆ లెక్క ఒకరు చెప్తే మారేది కాదు, రోజులు గడిచేకొద్దీ ఎదుటి మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడే అని చూసుకుంటూ మారాలి. నవలంతా పట్టే పని అది.

అపార్థాల మీద నడిచే కథలన్నీ పనికిరావని కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతికీ రాజశేఖరానికీ మధ్య ఎన్ని అపార్థాలున్నాయో ఆ నవల చదివిన ఏ పెద్దమ్మనడిగినా చెప్తుంది. కానీ వాటి అడుగున ఉన్నది ఆత్మాభిమానం. జీతం మీద బతికే అమ్మాయి, డబ్బున్న మగాడు తనని ఏ దృష్టితో చూస్తున్నాడో తెలియని భయం. 1960ల్లో ఉద్యోగానికి బయటికొచ్చిన ఆడపిల్లకి ఆ భయానికి బోలెడు కారణాలున్నాయి. 'టూ స్టేట్స్' (2009)లో చేతన్ భగత్ అయితే అడ్డుని ఏకంగా టైటిల్లోనే పెట్టేశాడు: అబ్బాయి పంజాబీ, అమ్మాయి తమిళ బ్రాహ్మణుల పిల్ల, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఏ అనుమానమూ లేదు, ఒప్పుకోవాల్సింది నలుగురు పెద్దవాళ్ళు. మనలో చాలా ఇళ్ళకి బాగా తెలిసిన అడ్డే కదా అది.

3. ట్రోప్ చూసి మోసపోకండి, దాన్ని అడగండి

ఇన్‌స్టాలో పుస్తకం ఫొటో చుట్టూ బాణాలు గీసి ట్రోపులు, అంటే కథల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే అచ్చులు, రాస్తారు. ఎనిమీస్ టు లవర్స్, ఫేక్ డేటింగ్, సెకండ్ ఛాన్స్, గ్రంపీ సన్‌షైన్ (ఒకరు ముటముటలాడే రకం, ఇంకొకరు ఎప్పుడూ నవ్వే రకం), ఓన్లీ వన్ బెడ్ (ఇద్దరికీ కలిపి ఒకటే మంచం దొరకడం). పాతకాపులు వీటిని చూసే కొంటారు, తప్పేం లేదు. కొత్తవాళ్ళకి నేను చెప్పేదేంటంటే, ట్రోప్ మీకు అడ్డు ఏ జాతిదో మాత్రమే చెప్తుంది, ఎంత గట్టిదో చెప్పదు.

ఫేక్ డేటింగ్ తీసుకోండి. ప్రేమికుల్లా నటిద్దాం అని ఒప్పందం చేసుకుని నిజంగానే ప్రేమలో పడటం. ఇక్కడ అడగాల్సింది ఒకటే, అసలు నటించాల్సిన అవసరం ఏంటి? అలీ హేజల్‌వుడ్ 'ద లవ్ హైపోథెసిస్' (2021)లో ఆలివ్ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తుంటుంది, తనొకరితో డేటింగ్‌లో ఉన్నానని స్నేహితురాలిని నమ్మించాలి. ఆడమ్ అక్కడే ప్రొఫెసర్, ఎక్కడ వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోతాడోనని డిపార్ట్‌మెంట్ అతని రీసెర్చ్ డబ్బు ఆపింది, ఇక్కడే ఒక సంబంధం ఉందంటే స్థిరపడతాడని నమ్ముతారు. ఆమె కారణం కాస్త పల్చన, అతని కారణం గట్టిది, రెండూ కలిపితే కథ నిలబడింది. అమెరికాలో ల్యాబుల్లో రాత్రీపగలూ గడిపే మన పిల్లలు చాలామంది ఈ పుస్తకాన్ని ఇష్టపడటానికి ఆ గ్రాంట్ల గోల కూడా ఓ కారణమని నా అనుమానం.

ఎనిమీస్ టు లవర్స్ అంటే ఆ శత్రుత్వానికి కారణం చూడండి. ఊరికే ఒకరి మీద ఒకరు అరుచుకోవడం శత్రుత్వం కాదు, చిరాకు. సెకండ్ ఛాన్స్ అంటే ఒకసారి విడిపోయి మళ్ళీ కలవడం. అప్పుడెందుకు విడిపోయారు, ఇప్పుడేం మారింది అన్నవి రెండూ తేలకపోతే మళ్ళీ విడిపోతారనే అనిపిస్తుంది. పెళ్ళి ముందు ప్రేమ తర్వాత అనే రకం మనకి కొత్తగా నేర్పక్కర్లేదు, తెలుగు వారపత్రికల సీరియళ్ళు దాని మీదే దశాబ్దాలు బతికాయి, ఇప్పుడు యాప్‌లలో అదే కాంట్రాక్ట్ మ్యారేజ్ పేరుతో తిరుగుతోంది. దీంట్లో ఇంగ్లీషులో మన నేపథ్యంతో ఏదైనా కావాలంటే సోనాలీ దేవ్ 'ఎ బాలీవుడ్ ఎఫైర్' (2014) చూడండి. రాజస్థాన్‌లో నాలుగేళ్ళకే పెళ్ళయిపోయిన మిలీ చదువుకోవడానికి మిషిగన్ వెళ్తుంది, పెళ్ళి తర్వాత మళ్ళీ చూడని ఆ భర్త తరఫున విడాకుల కాగితాల మీద సంతకం కోసం అతని తమ్ముడు వస్తాడు, ఎందుకొచ్చాడో చెప్పకుండా. చిక్కు ఎంత గట్టిదో మీరే చూడండి.

4. స్పైస్ ఎంతో ముందే తెలుసుకోండి

బెడ్‌రూమ్ సీన్లు ఎన్ని, ఎంత వివరంగా అన్నదాన్ని ఇప్పుడు అందరూ స్పైస్ అంటున్నారు, మిరపకాయ బొమ్మలతో మార్కులు కూడా వేస్తారు. ఒక మిరపకాయ అంటే ముద్దుతో సరి, నాలుగైదు అంటే చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకోవాలి. క్లోజ్డ్ డోర్ అని రాస్తే గది తలుపు దగ్గరే చాప్టర్ ఆగిపోతుంది, ఓపెన్ డోర్ అంటే ఆగదు.

అట్టని మాత్రం అస్సలు నమ్మకండి. ఒకప్పుడు చొక్కా గుండీలు విప్పిన హీరో ఫొటో చూసి అమ్మలు లాక్కునేవాళ్ళు, ఆ అట్ట కనీసం నిజం చెప్పేది. ఇప్పుడు అన్నిటికీ ముద్దొచ్చే కార్టూన్ బొమ్మలు. హెలెన్ హోవాంగ్ 'ద కిస్ కోషెంట్' (2018) అట్ట చూస్తే ఎనిమిదో తరగతి పిల్లలదేమో అనిపిస్తుంది. లోపల ఆటిజం ఉన్న ఒక ఎకనామెట్రీషియన్ (గణాంకాలతో ఆర్థిక విషయాలు విశ్లేషించే) అమ్మాయి స్టెల్లా, శారీరకంగా దగ్గరవడం తనకి చేతకావట్లేదని, అది నేర్పడానికి ఒక ఎస్కార్ట్‌ని డబ్బిచ్చి పెట్టుకుంటుంది. చాలా మంచి నవల, రచయిత్రి తనకీ ఆటిజం ఉందని తెలుసుకుని రాసింది, అందుకే స్టెల్లా అంత నిజంగా ఉంటుంది. కానీ మిరపకాయలు నిండుగా ఉన్నాయి. 'లవ్ హైపోథెసిస్' దాదాపు అంతా మర్యాదగా నడిచి చివరి భాగంలో ఒక్కసారి తలుపు తెరుస్తుంది. ఇంటర్ చదివే మీ అమ్మాయి ఈ అట్టలు చూపించి కొనిపెట్టమంటే వద్దని కొట్టిపారేయక్కర్లేదు, ముందు మీరో రెండు రివ్యూలు చదివి నిర్ణయించుకోండి.

అసలు స్పైస్ లేకుండా కావాలనుకునేవాళ్ళకి కూడా మంచి పుస్తకాలున్నాయి, అవి చప్పగా ఉంటాయన్నది ఉత్త మాట. ఉజ్మా జలాలుద్దీన్ 'అయేషా ఎట్ లాస్ట్' (2018) టొరంటోలోని ముస్లిం కుటుంబాల మధ్య జరుగుతుంది. టీచర్ పని చేస్తూ కవిత్వం రాసుకునే అమ్మాయి, గడ్డమూ తెల్ల జుబ్బాతో ఆఫీసుకెళ్ళే అబ్బాయి, ఒకరి గురించి ఒకరు వేసుకున్న తప్పుడు అంచనాలు, మధ్యలో పెద్దవాళ్ళు చూసే సంబంధాలు. చెయ్యి కూడా పట్టుకోకుండా అంత టెన్షన్ ఎలా పుట్టించిందా అనిపిస్తుంది.

5. నవ్వుల అట్ట కింద ఏం బరువుందో

ఎమిలీ హెన్రీ 'బీచ్ రీడ్' (2020) పేరూ అట్టా రెండూ సెలవుల్లో ఇసుక మీద పడుకుని చదివేలా కనిపిస్తాయి. నవలలో జానువరీ అనే రచయిత్రి చనిపోయిన తండ్రి వదిలిన ఇంటికొస్తుంది, ఆయనకి ఇంకొక స్త్రీతో సంబంధం ఉండేదని తెలిసి మండిపోతుంటుంది, పక్కింట్లో కాలేజీ నాటి ప్రత్యర్థి. హాస్యం ఉంది, ప్రేమ ఉంది, తండ్రిని పోగొట్టుకున్న దుఃఖం కూడా పుస్తకమంతా ఉంది. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయుంటే ఇది ఇప్పుడే మొదలుపెట్టాలా అని ఒక్క నిమిషం ఆలోచించుకోండి. కొందరికి ఓదార్పుగానే ఉంటుంది, కొందరికి ఉండదు.

చాలామంది రచయితలు ఇప్పుడు పుస్తకం మొదట్లోనే కంటెంట్ వార్నింగ్ పేరుతో లోపల ఏమేమి ఉన్నాయో రాస్తున్నారు, ఇంకొందరు తమ వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. అది దాటేసి చాప్టర్ ఒకటికి వెళ్ళిపోకండి. ముఖ్యంగా డార్క్ రొమాన్స్ అని రాసుంటే. మాఫియా, కిడ్నాప్, బలవంతం, ఇవన్నీ ఆ రకంలో మామూలు సరుకు. అది ఇష్టపడి చదివేవాళ్ళు కోకొల్లలు, వాళ్ళ ఇష్టం వాళ్ళది. తెలియక చేతిలో పడితే మాత్రం రెండు రోజులు మనసు బాగోదు.

6. శాంపిల్ చదివే పద్ధతి

కిండిల్‌లో కొనక ముందే మొదటి కొన్ని పేజీలు ఉచితంగా దించుకోవచ్చు. చాలామంది అది చదివి, బాగానే ఉంది అనుకుని కొనేస్తారు. మొదటి చాప్టర్ అందరూ బాగానే రాస్తారండీ, దాన్ని ఒకటికి పదిసార్లు చెక్కుతారు. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

హీరోయిన్‌కి హీరో రాకముందు ఒక జీవితం ఉందా? చేసే పని, పడని ఓ అత్తయ్య, కట్టాల్సిన అద్దె, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే ఓ స్నేహితురాలు. బేకరీ నడుపుతోందని రాసి, పిండి కలిపిన దాఖలా ఒక్కచోట కూడా లేకపోతే ఆ బేకరీ వాల్‌పేపరే. ఇద్దరూ మొదటిసారి ఎదురుపడ్డ సీన్లో మాటలు మాత్రమే వరసగా చదవండి, అన్నాడు అన్నది అన్నవి వదిలేసి. ఏది ఎవరి మాటో మాటతీరుని బట్టే తెలియాలి. తెలియకపోతే మిగతా మూడు వందల పేజీలూ ఒకే గొంతు తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఎవరి నోట కథ నడుస్తోందో కూడా చూసుకోండి: ఒక చాప్టర్ ఆమె, ఒక చాప్టర్ అతను చెప్పే పద్ధతి కొందరికి ప్రాణం, అతని మనసులో ఏముందో ముందే తెలిసిపోతే ఇంకేం మజా అనేది ఇంకొందరి గోల. నేను రెండో జట్టు.

అచ్చు పుస్తకమైతే షాపులో నిలబడి సరిగ్గా సగంలో తెరవండి. చెక్కుడు తక్కువగా ఉండే చోటు అదే. ఆ రెండు పేజీల్లో ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉంటే మంచి సూచన. విడివిడిగా కూర్చుని ఒకరి గురించి ఒకరు కుమిలిపోతుంటే ఇంకో పాతిక పేజీలు ముందుకెళ్ళి చూడండి, అక్కడా అదే తంతు అయితే షెల్ఫులో పెట్టేయండి.

7. రివ్యూల్లో మూడు స్టార్లవే చదవండి

ఐదు స్టార్లవాళ్ళు గుండె బొమ్మలు పెడతారు, ఒక స్టార్‌వాళ్ళు కొరియర్‌లో అట్ట నలిగిందని రాస్తారు. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళే ఇది బాగుంది, ఇది బాలేదు అని విడదీసి చెప్తారు. వాళ్ళు బాలేదన్నది మీకు నచ్చేదే కావచ్చు. 'ముద్దు పెట్టుకోవడానికే సగం పుస్తకం పట్టింది' అని ఎవరైనా విసుక్కుంటే, నెమ్మదిగా రగిలే కథ కావాలనుకునేవాళ్ళు వెంటనే కొనుక్కోవచ్చు. 'మాట్లాడుకుంటే తీరిపోయేదానికి ఇంత రాద్ధాంతమా' అన్న ఫిర్యాదు రెండు మూడు చోట్ల కనిపిస్తే మాత్రం పైన చెప్పిన పరీక్ష మీ బదులు వేరేవాళ్ళు పెట్టేశారన్నమాట.

8. సిరీస్ సంగతి, దొరికే చోటు

రొమాన్స్‌లో సిరీస్ అంటే భయపడక్కర్లేదు. ఎక్కువగా ఒక్కో పుస్తకంలో ఒక్కో జంట కథ పూర్తవుతుంది, పాత జంట పక్క పాత్రలుగా కనిపిస్తారు. పైన చెప్పిన క్లోయికి డానీ, ఈవ్ అని ఇద్దరు చెల్లెళ్ళు, ముగ్గురికీ మూడు నవలలు, ఏది ముందు చదివినా అర్థమవుతుంది. ఒకే జంటని రెండు మూడు పుస్తకాలు సాగదీసి ప్రతిదాన్నీ క్లిఫ్‌హ్యాంగర్‌తో, అంటే ఏమీ తేల్చకుండా ఉత్కంఠలో, ఆపే సిరీస్‌లూ ఉన్నాయి, అవైతే అన్నీ వచ్చేశాయని తెలిశాకే మొదలుపెట్టండి.

అమెరికాలో ఉంటే డబ్బు పెట్టే పనే లేదు, మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు నంబర్ లిబ్బీ యాప్‌లో వేస్తే ఈబుక్కులు, ఆడియోబుక్కులు అరువుకి దొరుకుతాయి. కొత్తవాటికి పెద్ద క్యూ ఉంటుంది, ఒకేసారి నాలుగైదు పుస్తకాలకి హోల్డ్ పెట్టి మర్చిపోండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మిల్స్ అండ్ బూన్ గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1908లో లండన్‌లో మొదలైన కంపెనీ అది, దాని పుస్తకాలు సన్నగా ఉంటాయి, ఒక్క మధ్యాహ్నంలో అయిపోతాయి, ఏ రకం అడ్డు మీకు పడుతుందో తేల్చుకోవడానికి అంత చవకైన దారి ఇంకోటి లేదు. వాటిలోనూ వరసలుంటాయి: మెడికల్ అని రాసుంటే డాక్టర్లూ ఆసుపత్రులూ, మోడర్న్ అని ఉంటే కోటీశ్వరులు, కాస్త ఘాటు. పాతికేళ్ళ కిందటివైతే హీరోల పెత్తనం ఇప్పుడు చదువుతుంటే ఒళ్ళు మండుతుంది, కొత్త తేదీలున్నవి ఏరుకోండి.

తెలుగులోనే కావాలంటే యద్దనపూడి నవలలు ఎమెస్కోలో ఇంకా దొరుకుతున్నాయి. కొత్తవాళ్ళు రాసేవైతే ప్రతిలిపి లాంటి యాప్‌లలో రోజుకో భాగం చొప్పున వస్తున్నాయి, అక్కడ జల్లెడ పట్టే ఎడిటర్ ఉండడు కాబట్టి ఆ పని మీరే చేయాలి. మొదటి మూడు భాగాల్లో అడ్డేంటో తేలాలి, వందో భాగం దాటినా హీరోయిన్ ఇంకా తలుపు చాటునుంచి ఏదో విని అపార్థం చేసుకుంటుంటే దిగిపోండి. ఇంకొకటి, సీరియల్ పూర్తయిందో లేదో ముందే చూసుకోండి. అక్కడ ఎనభై భాగాలు రాసి, ఆ ఇద్దరినీ బస్టాండులో నిలబెట్టి, మళ్ళీ కనపడకుండా పోయిన రచయితలు చాలామందే ఉన్నారు.